చూడటం అంటే ఏమిటి? – డేవిడ్ మార్ కథ

మా పెద్దమ్మ కూతురు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. పోయిన సెలవుల్లో తన ప్రాజెక్టు రిపోర్టు నా చేతికిచ్చి అచ్చుతప్పులు చూసిపెట్టమంది. నాకు కంప్యూటర్ సంగతులు తెలీవు, స్పెల్లింగులు మాత్రం చూడగలను. చూస్తూ చూస్తూ ఒక పేరు దగ్గర ఆగిపోయాను. డేవిడ్ మార్ అనే ఆయన 1980లో చనిపోయినట్టు రిపోర్టు లోపల ఉంది. చివర పుస్తకాల పట్టికలో ఆయన పుస్తకం సంవత్సరం 1982 అని ఉంది. చనిపోయిన మనిషి రెండేళ్ళ తర్వాత పుస్తకం ఎలా రాస్తాడని ఆ అంకె చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాను. అక్క చూసి నవ్వింది. అది తప్పు కాదట, రెండు సంవత్సరాలూ సరైనవేనట. ఆ సున్నా వల్లే నేను ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను. చదివింది మీతో చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

ముందు అక్క ప్రాజెక్టు ఏమిటో చెప్పాలి, లేకపోతే ఈ మనిషి మాకు ఎందుకు పనికొచ్చాడో తెలీదు. మా బళ్ళారి బస్టాండులో కన్నడం బోర్డుల బస్సులూ ఉంటాయి, అనంతపురం, గుంతకల్లు, ఆదోని నుంచి వచ్చే తెలుగు బోర్డుల బస్సులూ ఉంటాయి. ఫోన్‌తో బోర్డు ఫొటో తీస్తే అది తెలుగా, కన్నడమా అని ఫోన్ చెప్పాలి. అదే ప్రాజెక్టు. వినడానికి చిన్నపనిలా ఉంది. కానీ మన రెండు లిపులూ ఒకప్పుడు ఒకటే కాబట్టి అక్షరాల ఒంపులు చాలావరకు ఒకేలా ఉంటాయి. అక్క ప్రోగ్రాం రెండిటినీ కలిపేసేది.

కంప్యూటరుకి ఫొటో అంటే బొమ్మ కాదు, అంకెల పట్టిక. వెయ్యి వరసలు, వరసకు వెయ్యి చుక్కలు ఉంటే మొత్తం 10 లక్షల అంకెలు. నలుపు తెలుపు ఫొటోలో మామూలుగా ఒక్కో అంకె 0 నుంచి 255 లోపు ఉంటుంది. 0 అంటే కటిక నలుపు, 255 అంటే తెల్లటి తెలుపు. ఆ 10 లక్షల అంకెల్లోంచి పనికొచ్చే కొన్ని గుర్తులు ఏరుకొని మిగతాది వదిలెయ్యాలి. ఆ ఏరుకోవడాన్నే వాళ్ళు ఫీచర్లు తీయడం అంటారు. ఏవి ఏరాలి, ఏవి వదలాలి అన్నదే అసలు తంటా. డేవిడ్ మార్ జీవితంలో ఆఖరి ఏడేళ్ళు చాలావరకు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

ఆయన 1945 జనవరి 19న ఇంగ్లండులో, ఎసెక్స్ ప్రాంతంలోని వుడ్‌ఫర్డ్‌లో పుట్టాడు. రగ్బీ స్కూల్లో చదివి, 1963లో కేంబ్రిడ్జి యూనివర్సిటీలోని ట్రినిటీ కాలేజీలో చేరాడు. చదివింది లెక్కలు. కానీ మనసు మెదడు మీదికి మళ్ళింది. డిగ్రీ అయ్యాక గైల్స్ బ్రిండ్లీ అనే శరీరశాస్త్ర పండితుడి దగ్గర పరిశోధనకు చేరాడు. లెక్కల విద్యార్థి వచ్చి మెదడు గురించి సిద్ధాంతం చేస్తానంటే ఆ రోజుల్లో వింతే అయివుంటుంది.

1969లో, అంటే 24 ఏళ్ళకే, చిన్నమెదడు ఎలా నేర్చుకుంటుందన్న దానిమీద ఆయన పెద్ద వ్యాసం వచ్చింది. మనం సైకిల్ తొక్కడం, దారంతో పూలు కట్టడం లాంటివి నేర్చుకుంటాం కదా, ఒకసారి చెయ్యి తిరిగాక ఇంక ఆలోచించక్కర్లేదు. ఇలాంటి కదలికల్ని సరిదిద్దడంలో చిన్నమెదడుకి ముఖ్యమైన పాత్ర ఉంది. అక్కడి కణాలకూ కణాలకూ మధ్య ఉండే అతుకుల బలం మారడమే నేర్చుకోవడమని మార్ ఊహించాడు. 1970, 1971లలో పెద్దమెదడు పైపొర గురించి ఒకటి, జ్ఞాపకాలకు సంబంధించిన భాగం గురించి ఒకటి, ఇంకో రెండు వ్యాసాలు వచ్చాయి. చిన్నమెదడు ఊహను తర్వాత జపాన్‌లో మసావో ఇటో పరీక్షించాడు. అతుకుల బలం మారడం నిజమేనని తేలింది. కాకపోతే మార్ అది పెరుగుతుందనుకున్నాడు, ప్రయోగంలో తగ్గుతుందని తేలింది. సగం తప్పయినా పరీక్షించడానికి వీలుగా చెప్పాడు కాబట్టే పనికొచ్చింది. ఈ మాట నాకు బాగా నచ్చింది.

మూడు వ్యాసాలతో పేరొచ్చింది. ఇంకొకరైతే అదే దారిలో వెళ్ళిపోయేవాళ్ళు. ఆయనకు మాత్రం ఒక అసంతృప్తి పట్టుకుంది. కణాలు ఎలా అతుక్కున్నాయో తెలిసింది సరే, కానీ అవి అంతా కలిసి ఏ పని చేస్తున్నాయి? ఆ పని ఎందుకు చెయ్యాలి? ఇది తెలీకుండా కణాల లెక్క ఎంత వేసినా ఏం లాభం? దీనికి ఆయన తర్వాత ఒక పోలిక చెప్పాడు. పక్షి ఈకల్ని ఎంత పరీక్షగా చూసినా పక్షి ఎలా ఎగురుతుందో తెలీదు. ముందు గాలి సంగతి తెలియాలి. అప్పుడు ఈక ఆకారం అలా ఎందుకుందో అర్థమవుతుంది.

1973లో రెండు సంగతులు జరిగాయి. ఒకటి, ఎలిజబెత్ వారింగ్టన్ అనే ఆవిడ ఇచ్చిన ఉపన్యాసానికి ఆయన వెళ్ళాడు. ఆవిడ మెదడుకి దెబ్బ తగిలినవాళ్ళను పరీక్షించేది. ఎడమవైపు ఒక చోట దెబ్బ తగిలిన కొందరికి వస్తువు చూపిస్తే దాని పేరు, అది దేనికి వాడతారో చెప్పలేకపోయేవాళ్ళు. కానీ దాని ఆకారం మాత్రం సరిగ్గా తెలుసు. కుడివైపు దెబ్బ తగిలినవాళ్ళది ఇంకో రకం ఇబ్బంది. బకెట్టును పక్కనుంచి చూపిస్తే బకెట్టు అనేవాళ్ళు, పైనుంచి చూపిస్తే అది బకెట్టే కాదనేవాళ్ళు. మార్‌కి దీన్నిబట్టి ఒక సంగతి పట్టుబడింది. వస్తువు పేరు తెలియకముందే, అది దేనికో తెలియకముందే, కన్ను దాని ఆకారాన్ని కట్టగలదు. చూపు చేసే పెద్దపని అదే. ఎదురుగా ఏముందో, ఎక్కడుందో, ఏ ఆకారంలో ఉందో వెలుగు మరకల్లోంచి తెలుసుకోవడం.

రెండో సంగతి, అమెరికాలోని ఎం.ఐ.టి.లో కృత్రిమ మేధ ప్రయోగశాలకు మార్విన్ మిన్‌స్కీ ఆయన్ని పిలిచాడు. కొన్నాళ్ళు ఉండి వద్దామని వెళ్ళినవాడు అక్కడే ఉండిపోయాడు.

ఆ ప్రయోగశాలకు చూపు విషయంలో అప్పటికే ఒక పాత అనుభవం ఉంది. 1966లో సేమర్ పాపర్ట్ అక్కడ ఒక వేసవి ప్రాజెక్టు పెట్టాడు. కెమెరా చూసిన దృశ్యంలో వస్తువులు ఏవో, వెనకున్నది ఏదో కంప్యూటర్ విడదీయాలి, తర్వాత వస్తువుల పేర్లు చెప్పాలి. ఆ పనిని ముక్కలు చేసి వేసవి సెలవుల్లో విద్యార్థులకు పంచారు. సెలవులు అయిపోయాయి, పని అవలేదు. నిజం చెప్పాలంటే దశాబ్దాలు గడిచినా అవలేదు. మనకు చూడటం అంత సులువు కాబట్టే అది ఎంత కష్టమో వాళ్ళకు తట్టలేదు. కళ్ళు తెరిస్తే కనిపించేదాన్ని ఎవరు కష్టమనుకుంటారు?

మార్ వచ్చి మొదట అడిగింది ప్రోగ్రాం ఎలా రాయాలని కాదు. ప్రతి పనికీ మూడు మెట్లున్నాయి అన్నాడు. మొదటిది, చెయ్యాల్సిన పని ఏమిటి, ఎందుకు. రెండోది, ఆ పనికి ఏ గుర్తులు వాడాలి, ఏ పద్ధతిలో వాడాలి. మూడోది, దేనితో చెయ్యాలి, మెదడు కణాలతోనా, యంత్రంతోనా. దీనికి ఆయన చూపిన ఉదాహరణ అంగట్లో బిల్లు కొట్టే యంత్రం. అది చేసే పని కూడిక. ఎందుకు కూడికే కావాలి? ముందు సబ్బు కొట్టినా, ముందు చక్కెర కొట్టినా మొత్తం మారకూడదు. సరుకుల్ని రెండు కుప్పలు చేసి విడిగా బిల్లు వేసినా ఇచ్చే డబ్బు అంతే ఉండాలి. ఈ ధర్మాలు కూడికకు ఉన్నాయి. తర్వాతే అంకెలు ఎలా వెయ్యాలి, ఏ యంత్రం వాడాలి అన్నవి. మా అవ్వ వేళ్ళ గీతల మీద కూడుతుంది, నాన్న ఫోన్‌లో కూడతారు. పద్ధతి వేరు, పరికరం వేరు, పని ఒకటే.

ఈ దారిలో ఆయన చూపును అంచెలుగా విడగొట్టాడు. మొదటి అంచెలో వెలుగు ఎక్కడ మారుతోందో గీసుకోవాలి. అంచులు, గీతలు, మచ్చలు. దీన్ని ఆయన మొదటి చిత్తుబొమ్మ లాగా భావించాడు. రెండో అంచెలో, చూసేవాడి వైపు నుంచి ఏ ఉపరితలం ఎటు వాలి ఉందో, ఎంత దూరంలో ఉందో తెలుసుకోవాలి. మూడో అంచెలో, ఎటునుంచి చూసినా మారని వస్తువు పూర్తి ఆకారం కట్టాలి. ఈ మూడో దాన్ని కీత్ నిషిహారాతో కలిసి 1978లో రాశాడు. మనిషిని మొద్దుల్లాంటి స్తంభాకారాల కూర్పుగా, చేతిని మళ్ళీ చిన్న స్తంభాల కూర్పుగా చూపించడం అందులో ఉంది. అంతకుముందే 1976లో టొమాసో పోజ్జియోతో కలిసి, రెండు కళ్ళకు కనిపించే కొద్దిపాటి తేడాలోంచి దూరం ఎలా తెలుస్తుందో ఒక పద్ధతి కనిపెట్టాడు.

మొదటి అంచె గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అక్క రిపోర్టులో ఉన్నది అదే. తెల్ల గోడకి నల్ల తలుపు ఉందనుకోండి. గోడ దగ్గర అంకెలు 200 చుట్టూ ఉంటాయి, తలుపు దగ్గర 30 చుట్టూ ఉంటాయి. మధ్యలో అంకెలు ధడాలున పడిపోయే చోటే అంచు. ఇంతేనా అంటే ఇంతే కాదు. గోడమీద మరకలుంటాయి, పెచ్చులూడి ఉంటాయి. అక్కడా అంకెలు పడతాయి. అన్నిటినీ అంచులు అనుకుంటే బొమ్మంతా గీతలే. కాబట్టి ముందు బొమ్మను కొంచెం మసక చెయ్యాలి, కళ్ళజోడు తీసి చూసినట్టు. అప్పుడు చిన్న మరకలు పోయి పెద్ద తలుపు మిగులుతుంది. తక్కువ మసకలో ఒకసారి, ఎక్కువ మసకలో ఒకసారి చూసి, రెండిట్లోనూ ఒకే చోట అంచు కనిపిస్తే అది నిజమైన అంచని నమ్మొచ్చు.

మసక చేశాక అంచు కచ్చితంగా ఎక్కడుందని చెప్పాలి కదా. బస్సు ఘాట్ రోడ్డు దిగుతున్నట్టు ఊహించుకోండి. మొదట దిగుడు ఎక్కువవుతూ పోతుంది, ఒక చోటు దాటాక తగ్గుతూ వస్తుంది. ఎక్కువవడం ఆగి తగ్గడం మొదలైన ఆ ఒక్క చోటే అంచు. లెక్కల భాషలో అక్కడ ఒక విలువ సున్నాను దాటుతుంది. ఆ సున్నాలను వెతికితే అంచులు దొరుకుతాయి. కంటి తెర నుంచి మెదడుకి కబురు పంపే కణాల పని కూడా దీనికి దగ్గరగా ఉందని వాళ్ళు చూపించారు.

వాళ్ళు అన్నాను. ఈ పని మార్ ఒక్కడిదీ కాదు. ఎలెన్ హిల్‌డ్రెత్ అనే విద్యార్థినితో కలిసి చేశాడు. ఇద్దరి పేర్లతో వ్యాసం 1980లో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. అదే ఏడాది ఆ సిద్ధాంతాన్ని ప్రోగ్రాంగా చేసి చూపిన ఆవిడ ఎం.ఎస్. థీసిస్ కూడా వచ్చింది. ఇప్పటికీ పాఠాల్లో ఈ పద్ధతికి మార్–హిల్‌డ్రెత్ పద్ధతి అనే పేరు. ఆవిడ తర్వాత మసాచుసెట్స్‌లోని వెల్‌స్లీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ అయింది. వెల్‌స్లీ మనలాంటి ఆడపిల్లల కాలేజీయే. ఇది చదివినప్పుడు నాకు ఎందుకో చాలా సంతోషం వేసింది.

ఇంత పని జరుగుతుండగానే, 1977 డిసెంబరులో మార్‌కి లుకేమియా అని తెలిసింది. రక్తానికి వచ్చే క్యాన్సర్. అప్పటికి ఆయనకు 32 ఏళ్ళు. నేను ఇక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మా ఇంట్లో మేనమామ ఒకాయన చిన్నవయసులోనే జబ్బుతో పోయారు. జబ్బు తెలిసిన రోజు నుంచి ఇంట్లో ఎవరూ రేపటి మాట ఎత్తేవాళ్ళు కాదు. మార్ ఏం చేశాడా అని భయంభయంగా పేజీ తిప్పాను.

ఆయన పుస్తకం రాశాడు. ఇంకా కొన్నేళ్ళు ఆగి, సిద్ధాంతం అంతా గట్టిపడ్డాక రాద్దామనుకున్న పుస్తకం అది. ఆగే వ్యవధి లేదని తెలిసింది కాబట్టి 1979 వేసవిలో రాయడానికి కూర్చున్నాడు. ముందుమాటలో జబ్బు పేరు కూడా చెప్పలేదు. కొన్ని సంఘటనల వల్ల అనుకున్నదానికంటే ముందే రాయాల్సి వచ్చిందని మాత్రం ఒక ముక్క పెట్టాడు. ఏది తేలిందో, ఏది తేలలేదో విడిగా చెప్పాడు. పుస్తకం చివర ఒక అధ్యాయం మొత్తం ప్రశ్నలూ జవాబులే. తన సిద్ధాంతం ఒప్పుకోని మనిషి ఒకడు ఎదురుగా కూర్చొని అడుగుతున్నట్టు, తాను జవాబు చెప్తున్నట్టు రాసుకున్నాడు. తర్వాత తనను అడిగేవాళ్ళకు చెప్పడానికి తాను ఉండనని తెలిసే అలా రాశాడేమో అని నాకనిపించింది. ఇది నా ఊహే.

1980లో ఎం.ఐ.టి. ఆయన్ని పూర్తి ప్రొఫెసర్ని చేసింది. అదే ఏడు నవంబరు 17న మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో చనిపోయాడు. చదివింది ఒక కేంబ్రిడ్జిలో, పోయింది ఇంకో కేంబ్రిడ్జిలో. వయసు 35. భార్య లూసియా వైనా కూడా మెదడు మీద పరిశోధన చేసిన ఆవిడే. పుస్తకం 1982లో అచ్చయింది. దాని పేరుకి తెలుగులో చూపు అని అర్థం. 2010లో మళ్ళీ అచ్చువేశారు. కంప్యూటర్ చూపు మీద రెండేళ్ళకోసారి జరిగే పెద్ద అంతర్జాతీయ సదస్సులో మేలైన వ్యాసానికి 1987 నుంచి ఇస్తున్న బహుమతికి ఆయన పేరే పెట్టారు.

ఆయన చెప్పినవన్నీ నిలిచాయా అంటే నిలవలేదు. ఆయన అంచుల పద్ధతిలో మూలలు మొద్దుబారేవి, లేని అంచులు కొన్ని కనిపించేవి. 1983లో అదే ఎం.ఐ.టి.లో జాన్ కానీ అనే విద్యార్థి తన ఎం.ఎస్. థీసిస్‌లో ఇంకా మంచి పద్ధతి చూపించాడు. ఈరోజు అక్క ఫోన్‌లో నడిచేది అదే. అంటే ఈ రెండు పద్ధతుల వెనకా ఒక్కో విద్యార్థి థీసిస్ ఉంది. స్తంభాకారాల సిద్ధాంతం కూడా నిజం ఫొటోల ముందు ఎక్కువ దూరం వెళ్ళలేదు. ఇప్పుడు లక్షల ఫొటోలు చూపించి, ఏ గుర్తులు ఏరుకోవాలో యంత్రాన్నే నేర్చుకోమంటున్నారు. 2012లో అలా నేర్చుకున్న ఒక పెద్ద ప్రోగ్రాం పేరు ప్రపంచమంతా మోగింది. దాని మొదటి పొరను తెరిచి చూస్తే అందులో ఉన్నవి చాలావరకు రకరకాల వాలుల్లో అంచుల్లాంటి గీతలు, కొన్ని రంగు మచ్చలు. అంచులు వెతకమని దానికెవరూ చెప్పలేదు.

పద్ధతులు పాతబడినా మొదటి మెట్టు మీది ప్రశ్న పాతబడలేదు. అది మా ఇంట్లోనే చూశాను. అక్క తన ప్రోగ్రాం ఎందుకు తప్పుతోందో తెలీక అక్షరాల ఒంపులన్నీ లెక్కపెట్టిస్తోంది. మా అవ్వకు తెలుగు చదవడం వచ్చు, కన్నడం మాట్లాడుతుంది గానీ చదవలేదు. అయినా బస్టాండులో మన బస్సు ఏదో దూరం నుంచే చెప్పేస్తుంది. ఎలా అని అడిగితే, తల చూస్తే తెలీదా అంది. నిజమే. మన తలకట్టు టిక్కు పెట్టినట్టు పైకి లేస్తుంది, కన్నడం తలకట్టు అడ్డగీతలా పోయి కొసన వంగుతుంది. అక్క చేస్తున్న పని చదవడం కాదు, ఏ లిపో చెప్పడం. ఆ పనికి అక్షరం మొత్తం అక్కర్లేదు, తల చాలు. పని ఏమిటో ముందు అడగలేదు కాబట్టి నెల రోజులు అనవసరమైనవి ఏరుకుంటూ కూర్చున్నానని అక్కే ఒప్పుకుంది. తర్వాత అక్షరాల పైభాగం అంచులు మాత్రమే తీసేలా మార్చింది. ఇప్పుడు చాలా తక్కువసార్లు తప్పుతోంది. రాత్రిపూట, వానలో తీసిన ఫొటోలకు ఇంకా తడబడుతోంది, కానీ అవ్వ కూడా రాత్రిపూట నన్నే అడుగుతుంది.

రిపోర్టు ఇచ్చేసేముందు నేను 1982 చుట్టూ గీసిన సున్నాను రబ్బరుతో చెరిపేశాను. ఈ గోడ దగ్గర ఆగే కంప్యూటర్ సైన్స్ అక్కయ్యలు ఇందులో నేను సరిగా చెప్పనివి ఏమైనా ఉంటే తప్పకుండా చెప్పండి. పెన్సిలుతో సున్నా చుట్టినా పరవాలేదు.